పిల్లి ఉన్నట్టుండి తూలి పడిపోతుంటే: తప్పు చెవిలోనా, మెదడులోనా, వెన్నులోనా?

రాత్రి దాకా బాగానే ఉన్న పిల్లి పొద్దున లేచేసరికి తల ఒక పక్కకి వాల్చేసి, నాలుగడుగులు వేసి దబ్బున పడిపోతూ, లేచి మళ్ళీ అదే పక్కకి పడిపోతుంటే చూసేవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఇంట్లో అందరి నోటా వచ్చే మాట ఒకటే, పక్షవాతం వచ్చేసింది, స్ట్రోక్ అయిపోయింది, ఇక లాభం లేదు అని. చాలా సార్లు ఆ మాట తప్పు. బ్యాలెన్స్ తప్పడం అనేది జబ్బు పేరు కాదు, లక్షణం మాత్రమే, దాని వెనక చెవి ఉండొచ్చు, మెదడు ఉండొచ్చు, వెన్నుపాము ఉండొచ్చు, గుండె ఉండొచ్చు, కుక్కకి వాడే పేలమందు కూడా ఉండొచ్చు.

ఇందులో జనాన్ని బాగా తికమక పెట్టే సంగతి ఇంకోటుంది. చూడ్డానికి ఎంత ఘోరంగా ఉందన్నదానికీ నిజంగా ఎంత ప్రమాదం అన్నదానికీ పెద్దగా పొంతన ఉండదు. నేల మీద దొర్లుతూ, కళ్ళు గిరగిరా కొట్టుకుంటూ, వాంతులు చేసుకునే పిల్లి మూడు వారాల్లో మామూలుగా తిరగొచ్చు. ఏ హడావుడీ లేకుండా కొంచెం మందకొడిగా, వెనక కాళ్ళు కాస్త వదులుగా వేస్తూ ఒక మూల కూర్చున్న పిల్లికి దానికంటే చాలా పెద్ద సమస్య ఉండొచ్చు. మొదటి గంటలో ఆ దృశ్యం చూసి భయపడి పిల్లిని వదిలేసుకునేవాళ్ళున్నారు, అందుకే ఈ తేడా తెలియడం చాలా అవసరం అని నా నమ్మకం.

తూలడం, ఫిట్స్, సొమ్మసిల్లడం, నీరసం: ఇవన్నీ ఒకటి కాదు

ముందు మాటలు విడదీసుకోవాలి, ఎందుకంటే డాక్టర్‌కి ఫోన్ చేసి "మా పిల్లి పడిపోయింది" అని చెప్తే ఆయనకి ఏమీ తెలీదు.

కాళ్ళలో బలం ఉంది కానీ అడుగు ఎక్కడ వెయ్యాలో కుదరట్లేదు, దాన్ని డాక్టర్లు అటాక్సియా అంటారు, మనం తూలడం అంటాం. కాళ్ళలో బలమే లేదు, లేవబోయి కూలబడుతోంది, అది నీరసం, లేదా పక్షవాతం. ఉన్నట్టుండి స్పృహ తప్పి, కాళ్ళు కొట్టుకుంటూ, నోటి వెంట చొంగ, ఒక్కోసారి మూత్రం కూడా పోయి, తర్వాత కాసేపు అయోమయంగా ఉంటే అది ఫిట్స్. కొన్ని సెకన్లు వాలిపోయి వెంటనే ఏమీ జరగనట్టు లేచి వెళ్ళిపోతే అది సొమ్మసిల్లడం, అక్కడ అనుమానం ఎక్కువగా గుండె మీదకి పోతుంది.

చెవి సమస్యతో దొర్లే పిల్లిని చూసి ఫిట్స్ అనుకోవడం మామూలే. తేడా ఏంటంటే చెవి సమస్యలో పిల్లికి స్పృహ ఉంటుంది, పిలిస్తే తెలుస్తుంది, దేన్నైనా గట్టిగా పట్టుకోవాలని గోళ్ళు దిగేసి నేలకి అతుక్కుపోతుంది. దానికి ప్రపంచం మొత్తం తిరుగుతున్నట్టు ఉంటుంది కాబట్టి. ఆ కొన్ని సెకన్లు ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే నోటితో పావుగంట చెప్పినదానికంటే డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తుంది.

పిల్లి నిలబడ్డానికి లోపల ఏమేం పని చేస్తాయి

లోపలి చెవిలో, కుడిన ఎడమన ఒక్కో సెట్టు చొప్పున, మూడేసి అర్ధచంద్రాకారపు గొట్టాలు ఉంటాయి, వాటి నిండా ద్రవం. తల తిప్పగానే ఆ ద్రవం కదులుతుంది, లోపలున్న సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు వంగుతాయి, ఎటు తిరిగిందో మెదడుకి కబురు పోతుంది. పక్కనే చిన్న చిన్న స్ఫటికాలున్న రెండు సంచులు ఉంటాయి, భూమి ఎటువైపు ఉందో, అంటే కింద ఏదో పైన ఏదో చెప్పేవి అవి. ఈ కబుర్లన్నీ ఎనిమిదో కపాల నాడి ద్వారా మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌కి, అక్కడి నుంచి చిన్నమెదడుకి వెళ్తాయి. ఈ మొత్తాన్ని కలిపి వెస్టిబ్యులర్ వ్యవస్థ అంటారు. మీద నుంచి పడేటప్పుడు గాల్లోనే తిరిగి కాళ్ళ మీద వాలే విద్య ఉంది కదా పిల్లికి, దానికి ముఖ్యమైన ఆధారం ఇదే.

చిన్నమెదడు పని వేరు. అడుగు ఎంత పొడుగు వెయ్యాలి, ఎంత ఎత్తాలి, ఎక్కడ ఆపాలి అన్న కొలత దానిది. అది దెబ్బతింటే అడుగులు మరీ పెద్దగా, కాళ్ళు అతిగా ఎత్తి వేస్తూ, తిండి గిన్నె దగ్గరికి మూతి పెట్టబోతే తల వణుకుతుంది. ఇక వెన్నుపాము కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకి చెప్తుంది. ఆ దారి తెగితే పాదం మడత పడి పంజా పైభాగం నేలకి రాసుకుంటున్నా పిల్లికి తెలీదు.

అంటే తూలడంలోనే మూడు రకాలు, చూడ్డానికి మూడూ వేరుగా ఉంటాయి. అనుభవం ఉన్న వెటర్నరీ డాక్టర్ జబ్బు పేరు ఏంటో వెతికే ముందు తప్పు ఎక్కడ అని వెతికేది ఇందుకే.

ఒక పక్క చెవి పాడైతే తల ఎందుకు వాలుతుంది

పిల్లి కదలకుండా కూర్చున్నా సరే రెండు చెవుల నుంచీ మెదడుకి ఎప్పుడూ సమానంగా సంకేతాలు పోతూనే ఉంటాయి. ఎడ్లబండి సంగతి తీసుకోండి, రెండెడ్లూ సమానంగా లాగుతున్నంతసేపు బండి తిన్నగా పోతుంది, ఎడమ పక్క ఎద్దు డీలా పడితే కుడి పక్కది ముందుకి తోసుకుపోయి బండి ఎడమకి తిరుగుతుంది. పిల్లిలో కూడా అంతే, ఎడమ చెవి సంకేతం పడిపోతే తల ఎడమకి వాలుతుంది, ఎడమకే తిరుగుతుంది, ఎడమకే పడుతుంది. కళ్ళు మాత్రం మెల్లగా ఎడమకి జారి టక్కున కుడికి కొట్టుకుంటాయి, మళ్ళీ జారి మళ్ళీ కొట్టుకుంటాయి. ఈ కళ్ళ కదలికని నిస్టాగ్మస్ అంటారు.

చెవికీ కంటికీ ఇంత సంబంధం ఉందని తేల్చిన పెద్ద పని చెవి డాక్టర్ రాబర్ట్ బరానీది. చెవిలోకి చల్లటి నీళ్ళు పోస్తే ఒక దిక్కుకి, వెచ్చటి నీళ్ళు పోస్తే ఇంకో దిక్కుకి కళ్ళు కొట్టుకుంటాయని ఆయన మనుషుల్లో గమనించి, దాని ఆధారంగా లోపలి చెవి పని తీరుని వివరించారు, ఆ పరిశోధనకే 1914 నోబెల్ ఇచ్చారు. అందుకే ఇవాళ్టికీ పిల్లి తూలుతోందంటే డాక్టర్ ముందు దాని కళ్ళలోకి చూస్తారు.

రెండు చెవులూ ఒకేసారి పోతే మాత్రం కథ మారుతుంది. ఏ పక్కకీ వాలదు, కళ్ళు కొట్టుకోవు, పిల్లి నేలకి వంగి కాళ్ళు దూరంగా పెట్టుకుని తలని అటూ ఇటూ పెద్దగా ఊపుతూ నడుస్తుంది. తల వాలలేదు కాబట్టి చెవి కాదులే అనుకుంటే పొరపాటు అయ్యేది ఇక్కడే.

చెవిలో వచ్చే తప్పులు

అన్నిటికంటే ఎక్కువ హడలగొట్టి అన్నిటికంటే తేలిగ్గా వెళ్ళిపోయేది ఇడియోపథిక్ వెస్టిబ్యులర్ సిండ్రోమ్. ఇడియోపథిక్ అంటే కారణం దొరకలేదని అర్థం. ఏ వయసు పిల్లికైనా రావొచ్చు, గంటల్లో మొదలవుతుంది, మొదటి ఒకటి రెండు రోజులు బాగా ఘోరంగా ఉంటుంది, సాధారణంగా 72 గంటల్లో మెరుగు కనిపిస్తుంది, రెండు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. వాంతులు, వికారం తగ్గించే మందు, తినిపించడం, పడి దెబ్బలు తగలకుండా చూడ్డం, అంతే. ఒక మెలిక మాత్రం ఉంది, ఇది పరీక్షలో పాజిటివ్ అని వచ్చే జబ్బు కాదు, మిగతావన్నీ కాదని తేలాక మిగిలే పేరు.

రెండోది మధ్య చెవి ఇన్‌ఫెక్షన్ లోపలి చెవికి పాకడం. చెవి గోక్కోవడం, తల విదిలించడం, వాసన, నోరు తెరిస్తే నొప్పి ఇవి ఉండొచ్చు, అసలేవీ లేకపోవచ్చు కూడా, ఎందుకంటే కర్ణభేరి వెనకాల చీము ఉంటే బయటి నుంచి చెవి శుభ్రంగానే కనిపిస్తుంది. పిల్లి మధ్య చెవిలోంచి కంటికి సంబంధించిన నరాలు వెళ్తాయి కాబట్టి ఆ పక్క కన్ను లోపలికి పోయినట్టు, కంటిపాప చిన్నదై, రెప్ప వాలి, మూల నుంచి మూడో రెప్ప పైకి వచ్చినట్టు కనబడితే అది చెవి వైపు చూపించే మంచి ఆనవాలు. దీన్ని హార్నర్స్ సిండ్రోమ్ అంటారు. దీనికి యాంటీబయాటిక్స్ వారాల తరబడి వాడాల్సి వస్తుంది, నాలుగు రోజులకి తగ్గిందని ఆపేస్తే తిరగబెడుతుంది.

చిన్న వయసు పిల్లుల్లో పాలిప్స్ ఇంకో కారణం. మధ్య చెవిలోనో, చెవినీ గొంతునీ కలిపే గొట్టంలోనో పెరిగే కండ ఇది, క్యాన్సర్ కాదు. గురక, తుమ్ములు, ఊపిరి శబ్దంతో పాటు తల వాలితే దీన్ని అనుమానిస్తారు, లాగి తీసేస్తారు లేదా ఆపరేషన్ చేస్తారు.

ఇంకోటి మన చేతుల్లో ఉన్నది. కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు వేసిన చుక్కల మందు లోపలికి పోయి లోపలి చెవిని దెబ్బ తీస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న క్లీనర్లు, జెంటామైసిన్ లాంటి మందులు ఈ విషయంలో పేరుమోసినవి. చెవి చూడకుండా చుక్కలు వెయ్యకూడదని డాక్టర్లు పట్టుబట్టేది ఊరికే కాదు.

వ్యవహారం మెదడు దాకా వెళ్ళిందని చెప్పే గుర్తులు

బ్రెయిన్ స్టెమ్ దెబ్బతిన్నా తల వాలుతుంది, పిల్లి తూలుతుంది, కళ్ళు కొట్టుకుంటాయి, పైపైన చూస్తే చెవి సమస్యే. తేడా కనిపించేది చిన్న చిన్న విషయాల్లో. కళ్ళు అడ్డంగా కాకుండా పైకీ కిందకీ కొట్టుకోవడం, లేదా తల పొజిషన్ మార్చినప్పుడల్లా కళ్ళు కొట్టుకునే దిక్కు మారిపోవడం మెదడు వైపు చూపిస్తాయి. పాదాన్ని మడిచి పెట్టినా సరిచేసుకోకపోవడం, ఒక పక్క కాళ్ళలో బలం తగ్గడం కూడా అంతే. అన్నిటికంటే బరువైన గుర్తు మత్తు. చెవి సమస్య ఉన్న పిల్లి భయపడుతుంది, అరుస్తుంది, కానీ తెలివిగా ఉంటుంది, మెదడు సమస్య ఉన్నది పిలిచినా పట్టించుకోకుండా శూన్యంలోకి చూస్తుంటుంది.

ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది, చిన్నమెదడులో కొన్ని చోట్ల దెబ్బ తగిలితే తల జబ్బు ఉన్న పక్కకి కాకుండా దానికి ఎదురు పక్కకి వాలుతుంది. దీన్ని పారడాక్సికల్ అంటారు. తల ఎడమకి ఉంది కాబట్టి ఎడమ చెవే అని తేల్చెయ్యలేం అన్నమాట.

మెదడులో కారణాలు వయసుని బట్టి మారతాయి. ముసలి పిల్లుల్లో మెనింజియోమా అనే గడ్డ ఎక్కువ కనబడుతుంది, మెదడు పొర నుంచి పుట్టేది, గడ్డ అనగానే అయిపోయింది అనుకుంటారు గానీ చోటు అనువుగా ఉంటే ఆపరేషన్‌తో తీసెయ్యగలిగిన గడ్డల్లో ఇదొకటి. ముసలి పిల్లుల్లోనే బీపీ ఇంకో పెద్ద కారణం, కిడ్నీ జబ్బు వల్లో థైరాయిడ్ ఎక్కువవడం వల్లో పెరుగుతుంది. పై అంకె 160 దాటితే హెచ్చు కింద లెక్క, 180 దాటితే కళ్ళకీ మెదడుకీ గట్టి ముప్పు. బ్యాలెన్స్ తప్పడంతో పాటు చూపు కూడా ఉన్నట్టుండి పోయిందంటే, కంటిపాపలు పెద్దగా తెరుచుకుని గోడలకి గుద్దుకుంటోందంటే, బీపీ చూడకుండా ముందుకి పోకూడదు. నిజమైన స్ట్రోక్ పిల్లుల్లో వస్తుంది, రాదని కాదు, అయితే జనం ఆ మాట వాడినంత తరచుగా రాదు.

చిన్న పిల్లుల్లో, ముఖ్యంగా రెండేళ్ళ లోపు వాటిలో, అందరూ భయపడే పేరు ఎఫ్ఐపీ. పిల్లుల కరోనావైరస్ శరీరంలోనే మారిపోయి తెచ్చిపెట్టే జబ్బు, పొట్టలో నీరు లేని పొడి రకం మెదడుకీ కళ్ళకీ పాకుతుంది. కొన్నేళ్ళ కిందటి దాకా ఇది వస్తే చావే అని చెప్పేవారు. 2019లో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన నీల్స్ పీడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందుతో సహజంగా ఈ జబ్బు వచ్చిన పిల్లులు కోలుకున్నాయని ప్రచురించాక పరిస్థితి మారిపోయింది. మెదడుకి పాకిన రకానికి డోసు ఎక్కువ కావాలి, సాధారణంగా 84 రోజుల కోర్సు. పాత సమాచారం చదివి ఆశ వదిలేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్పాల్సిన మాట.

ఇవి కాక టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ కూడా మెదడుకి చేరతాయి. రేబిస్‌లో కూడా నడక చెడుతుంది, టీకా లేని, బయట తిరిగే పిల్లి తూలుతూ స్వభావం మారిపోయి కరవడానికి వస్తుంటే వట్టి చేతులతో పట్టుకోకూడదు.

పుట్టిన దగ్గర నుంచీ తూలే కూనల సంగతి వేరు. కడుపులో ఉన్నప్పుడు తల్లికి పాన్‌ల్యూకోపీనియా వైరస్ సోకితే కూనల చిన్నమెదడు సరిగ్గా పెరగదు. అవి జీవితాంతం ఊగుతూనే నడుస్తాయి, కానీ అది ముదరదు, నొప్పి ఉండదు, హాయిగా బతుకుతాయి.

తల తిన్నగానే ఉండి కాళ్ళు మాత్రమే పోతే

తల వాలలేదు, కళ్ళు కొట్టుకోవట్లేదు, వెనక కాళ్ళు మాత్రం ఉన్నట్టుండి ఈడుస్తోంది, పైగా భరించలేనట్టు అరుస్తోంది. దీన్ని తూలడం అనుకుని రేపు చూద్దాంలే అనుకోకూడదు. గుండెలో తయారైన రక్తపు గడ్డ కొట్టుకొచ్చి వెనక కాళ్ళకి రక్తం పోయే చోట అడ్డుపడితే ఇలా అవుతుంది. వెనక పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి, మెత్తలు పాలిపోయో నీలంగానో ఉంటాయి, తొడ దగ్గర నాడి అందదు. గుండె కండరం మందమయ్యే జబ్బు దీని వెనక ఎక్కువగా ఉంటుంది, చాలా పిల్లుల్లో ఆ జబ్బు ఉందన్న సంగతి ఇలా పడిపోయాకే బయటపడుతుంది. ఇది నిమిషాలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి.

పాదాలు వెచ్చగా ఉండి కాళ్ళు అడ్డదిడ్డంగా పడుతుంటే వెన్నుపాము వైపు చూస్తారు, ఎత్తు నుంచి పడ్డ దెబ్బ, డిస్క్ జారడం, లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ లాంటివి. షుగర్ ఉన్న పిల్లి మడమలు నేలకి ఆనించి నడుస్తుంది, అది మెల్లగా వచ్చేది. అదే పిల్లి ఇన్సులిన్ వేసిన కొన్ని గంటలకి తూలిందంటే మాత్రం షుగర్ మరీ పడిపోయిందని ముందు అనుకోవాలి, ఆలస్యమైతే ఫిట్స్‌లోకి పోతుంది.

మెడ నిలపలేక గడ్డం ఛాతీకి ఆనించి కూర్చోవడం ఇంకో ప్రత్యేకమైన గుర్తు. కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లిలో పొటాషియం తగ్గినా, విటమిన్ బి1 అందకపోయినా ఇలా వస్తుంది. పచ్చి చేపలు మాత్రమే తినే పిల్లికి బి1 ఎందుకు తగ్గుతుందంటే కొన్ని చేపల్లో ఆ విటమిన్‌ని ధ్వంసం చేసే ఎంజైమ్ ఉంటుంది. తొందరగా పట్టుకుంటే రెండూ బాగయ్యేవే.

విషం, మందు

కుక్కల పేలకి మెడ మీద వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. పిల్లి లివర్ దాన్ని విరిచి బయటికి పంపలేదు. అది పిల్లికి వేసినా, వేసిన కుక్కని పిల్లి ఆనుకుని పడుకున్నా, నాకినా, కొన్ని గంటల్లో చెవులు అదరడం, ఒళ్ళు వణకడం, తూలడం, ఫిట్స్ మొదలవుతాయి. వాహనాల రేడియేటర్లో పోసే యాంటీఫ్రీజ్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ ఇంకా ప్రమాదం. ఒక చిన్న చెంచాడు చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. ముందు తాగినట్టు తూలుతుంది, తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించి మోసం చేస్తుంది, ఆ లోపల కిడ్నీలు పోతుంటాయి. విషం తాగిన మూడు గంటల్లోపు విరుగుడు పడితేనే పిల్లి మీద ఆశ.

విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్ కూడా డోసు ఎక్కువైనప్పుడు, ఎక్కువ రోజులు వాడినప్పుడు అచ్చం మెదడు జబ్బులాగే కనిపిస్తుంది. ఆపేస్తే మామూలుగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది. అందుకే ఈమధ్య ఏ మందులు వాడారన్న ప్రశ్నకి జవాబు ఒక్కోసారి స్కాన్ కంటే విలువైనది.

రెండు పిల్లులు, ఒకే తూలుడు

ఆరేళ్ళ పిల్లి. రాత్రి బాగుంది, పొద్దున తల కుడికి, కళ్ళు ఎడమకి టక్కుటక్కున కొట్టుకుంటున్నాయి, దొర్లుతోంది, రెండు సార్లు వాంతి. పిలిస్తే చెవులు తిప్పుతుంది, పాదం మడిచి పెడితే వెంటనే సరిచేసుకుంటుంది. చెవి లోపల శుభ్రం, బీపీ సరిగ్గా ఉంది, కొత్త మందులేవీ లేవు. దృశ్యం భయంకరం, గుర్తులన్నీ మాత్రం చెవి వైపే, ఇడియోపథిక్ అయ్యే అవకాశం బాగా ఉంది. మూడో రోజుకి కళ్ళు కొట్టుకోవడం తగ్గి, లేచి గిన్నె దగ్గరికి వెళ్తే ఆ అంచనా బలపడుతుంది.

పదమూడేళ్ళ పిల్లి. తల కొంచెమే వాలింది, పెద్దగా పడిపోవట్లేదు కూడా, ఇంట్లోవాళ్ళు ముసలితనం అనుకున్నారు. కానీ నెల రోజులుగా మందకొడిగా ఉంది, కుడి పాదం మడిచి పెడితే అలాగే ఉంచేస్తుంది, ఒక్కోసారి కళ్ళు నిలువుగా కదులుతున్నాయి. చూడ్డానికి ఏమంత లేదు. దీనికే రక్తపరీక్షలు, బీపీ, ఎంఆర్ఐ ముందు కావాలి.

స్కాన్ ఇప్పుడే తియ్యాలా, కొన్ని రోజులు ఆగాలా

డాక్టర్ల మధ్య కూడా నిజంగా రెండు ఆలోచనలున్న చోటు ఇది. ఆగుదాం అనేవాళ్ళ వాదన ఏంటంటే, గుర్తులన్నీ చెవి వైపే ఉండి పిల్లి తెలివిగా ఉన్నప్పుడు మూడు రోజుల్లో అదే సమాధానం చెప్పేస్తుంది, ఎంఆర్ఐకి మత్తు ఇవ్వాలి, ఖర్చు చాలా ఎక్కువ, ఇడియోపథిక్ అయితే స్కాన్ మామూలుగానే వస్తుంది. ఇప్పుడే తీద్దాం అనేవాళ్ళదీ బలమైన మాటే, కర్ణభేరి వెనక ఇన్‌ఫెక్షన్, మొదటి దశలో ఉన్న గడ్డ బయటి పరీక్షలో దొరకవు, మెదడు సమస్య కొన్నిసార్లు ముందు చెవి సమస్య వేషంలోనే వస్తుంది, ఆగిన రోజులు తిరిగి రావు. నాకు సబబుగా అనిపించేది ఏంటంటే ఆగడం తప్పు కాదు, కానీ రోజూ చూస్తూ ఆగాలి, మందకొడితనం పెరిగినా, కాళ్ళలో బలం తగ్గినా, 72 గంటలకి ఏ మాత్రం మెరుగు లేకపోయినా ఆగడం అక్కడితో అయిపోవాలి.

స్టెరాయిడ్ల మీద కూడా గొడవ ఉంది. ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని ముందే ఇంజెక్షన్ చేసేవాళ్ళున్నారు. ఇడియోపథిక్‌కి దానివల్ల లాభం ఉందని రుజువు లేదు, ఒకవేళ లోపల లింఫోమా ఉంటే స్టెరాయిడ్ దాన్ని తాత్కాలికంగా కుదించేసి తర్వాత చేసే పరీక్షల్లో దొరక్కుండా చేస్తుంది. మెదడు వాపు ఉందని తేలినప్పుడు అదే మందు ప్రాణం నిలబెడుతుంది. మందు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఎప్పుడు ఇచ్చారన్నదే.

తగ్గాక కూడా మిగిలేవి

లోపలి చెవి పూర్తిగా బాగవ్వకపోయినా పిల్లి బాగవ్వగలదు. మెదడు ఒక చెవి తప్పుడు లెక్కకి అలవాటు పడి కళ్ళ నుంచి, కాళ్ళ నుంచి వచ్చే కబుర్లతో సర్దుకుంటుంది. అందుకే కోలుకుంటున్న పిల్లి వెలుతురులో బాగా నడిచి చీకట్లో తడబడుతుంది, పట్టు దొరికే నేల మీద బాగుండి నున్నటి నేల మీద జారుతుంది. కొన్నిటికి తల కొంచెం వాలి అలాగే ఉండిపోతుంది, దానికి నొప్పేమీ ఉండదు, తినడానికీ ఆడ్డానికీ అడ్డు రాదు. తర్వాత ఎప్పుడైనా ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చినా, గట్టి ఒత్తిడి కలిగినా పాత తూలుడు కొన్ని రోజులు మళ్ళీ కనిపించొచ్చు. అది జబ్బు తిరిగొచ్చినట్టే అవ్వాలని లేదు, సర్దుకున్న మెదడు తాత్కాలికంగా పట్టు తప్పడం కూడా కావచ్చు, కానీ కళ్ళు నిలువుగా కొట్టుకుంటున్నా, పిలిస్తే పలక్కపోయినా, కొత్తగా కాళ్ళు ఈడుస్తున్నా మొదటిసారి చేసిన పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేస్తారు.